చెల్లెలికి దేవుడి తరఫున జవాబు చెప్పాలా?

ప్రశ్న: "మా చెల్లెలి కొడుక్కి ఎనిమిదేళ్ళు. బ్లడ్ క్యాన్సర్ అని బయటపడిన పద్నాలుగు నెలలకి పోయాడు. ఇప్పటికి ఏడు నెలలవుతోంది. మా ఇంట్లో అందరికంటే దైవభక్తి ఎక్కువ ఉన్నది తనకే, ఆసుపత్రిలో వాడి మంచం పక్కన కూర్చుని కూడా ప్రార్థన మానలేదు. ఇప్పుడు దేవుడి పేరెత్తితే చాలు, లేచి అవతలికి వెళ్ళిపోతుంది. పలకరించడానికి వచ్చిన మా బాబాయి 'పూర్వజన్మ కర్మమ్మా, అనుభవించక తప్పదు' అన్నాడు. ఇంకొకావిడ 'మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకెళ్ళిపోతాడు' అంది. ఆ రాత్రి చెల్లెలు నన్ను పట్టుకుని అడిగింది: 'నువ్వు రోజూ దణ్ణం పెట్టుకుంటావుగా అన్నయ్యా, నువ్వు చెప్పు. వాడేం పాపం చేశాడు? నేనేం చేశాను?' నా నోట మాట రాలేదు. రాత్రిళ్ళు నిద్రపోకుండా వాడి ఆసుపత్రి ఫైలు ముందేసుకుని ఒక్కో కాగితం తిప్పుతూ కూర్చుంటుంది, తీసి దాచేద్దామంటే పోట్లాటకొస్తుంది. నేను పుస్తకాలు తిరగేశాను, ప్రవచనాలు విన్నాను, తనతో చెప్పగలిగేది ఒక్కటీ దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఈమధ్య దణ్ణం పెట్టుకుంటుంటే మనసు నిలవడం లేదు. దేవుడుంటే ఇది ఎందుకు జరిగింది? తనకి మళ్ళీ నమ్మకం కలగాలంటే నేనేం చెప్పాలి?"

జవాబు: పసివాళ్ళకి ఇలాంటి జబ్బు ఎందుకొస్తుంది, దేవుడుంటే ఎలా ఊరుకున్నాడు అన్న ప్రశ్నకి, బిడ్డ పోయిన తల్లి ముఖంలోకి చూస్తూ చెప్పగలిగే జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదని నా అభిప్రాయం. మీకు పుస్తకాల్లో దొరకలేదంటే మీరు సరిగా చదవక కాదు. ఆ జవాబుల సంగతికి వస్తాను గానీ, మీ ఉత్తరంలో ముందు నాకు కనిపించింది ఆ ఫైలు.

మీ చెల్లెలు దేవుడి గురించి అడిగిందనుకుని మీరు ప్రవచనాల వెంట పడ్డారు. తన మాటలు మీరే రాశారు, మళ్ళీ చూడండి. "వాడేం పాపం చేశాడు, నేనేం చేశాను" అంది. దేవుడు ఉన్నాడా లేడా అని అడగలేదు. పగలంతా దేవుడి మాటకి దూరంగా పారిపోతున్న మనిషి రాత్రి కూర్చుని తిప్పుతున్నది ఆసుపత్రి కాగితాలు. అందులో తను ఏం వెతుకుతోందో నేను ఊహించగలను, మీరూ ఊహించగలరు. మొదటిసారి జ్వరం వచ్చిన తారీఖు, మామూలు జ్వరమేలే అని మందు వేసి స్కూలుకి పంపిన రోజు, కాళ్ళు నొప్పులంటే ఆటల్లో తగిలి ఉంటుందిలే అనుకున్న వారం, రక్తపరీక్ష రాయించుకోవడానికీ చేయించుకోవడానికీ మధ్య గడిచిన రోజులు. ఎక్కడో ఒక కాగితంలో "ఇదిగో ఇక్కడ నువ్వు తప్పు చేశావు" అని రాసి ఉంటుందని తన అనుమానం. అలా రాసి ఉంటే ఒక రకంగా బావుండుననిపిస్తుంది కూడా, కారణమే లేకుండా పోయాడనుకోవడం కన్నా నా వల్లే పోయాడనుకోవడం కొంతమంది తల్లులకి తేలిక, వినడానికి విడ్డూరంగా ఉన్నా సరే.

కాబట్టి ముందు ఆ ప్రశ్న. దీనికి జవాబుంది, వైద్యంలో ఉంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యేటప్పుడు జన్యువుల్లో ఎక్కడో మార్పు పడి, ఎదగని తెల్లకణాలు అదుపు లేకుండా పెరగడం ఈ జబ్బు. కొందరు పిల్లల్లో ఆ మొదటి మార్పు కడుపులో ఉండగానే పడి ఉంటుందని తేలింది. డౌన్ సిండ్రోమ్, ఎక్కువ మోతాదు రేడియేషన్, కొన్ని అరుదైన వంశపారంపర్య లోపాలు, ఇలాంటివి కారణమని చెప్పగలిగే పిల్లలు కొద్దిమందే, మిగతా ఎక్కువమంది విషయంలో తల్లి ఏదో తిన్నందుకో, తినిపించినందుకో, కోప్పడినందుకో వచ్చిందని చెప్పడానికి వైద్యంలో ఆధారమే లేదు. ఇక ఆలస్యం సంగతి. జ్వరం, నీరసం, ఎముకల నొప్పులు, పాలిపోవడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఇవన్నీ వంద మామూలు జబ్బుల్లోనూ ఉంటాయి గనక మొదట ఎవరూ పట్టుకోలేకపోవడం చాలా ఇళ్ళలో జరిగేదే, డాక్టర్లకే జరుగుతుంది.

ఇది మీ చెల్లెలికి మీరు చెబితే నమ్మదు, ఓదార్చడానికి చెబుతున్నావంటుంది. వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్లవాడు పోయాక కూడా వెళ్ళొచ్చా అంటారేమో, వెళ్ళొచ్చు, ముందుగా అడిగి అరగంట టైమ్ తీసుకుని, తన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, ఆ ఫైలు పట్టుకుని మరీ వెళ్ళొచ్చు. పిల్లల క్యాన్సర్ చూసే డాక్టర్లకి ఇలా వచ్చే తల్లిదండ్రులు కొత్త కాదు. "నాలుగు రోజుల ముందు తీసుకొస్తే బతికేవాడా" అని తను నోరు తెరిచి అడగాలి, వాడిని చూసిన మనిషి నోటి నుంచే జవాబు వినాలి. నూటికి నూరుపాళ్ళూ మనసుకి నచ్చే జవాబు వస్తుందని మాట ఇవ్వలేను, ఎక్కడైనా నిజంగా లోపం జరిగి ఉంటే అదీ బయటపడొచ్చు, అయినా సరే రోజూ రాత్రి ఒంటరిగా తనే జడ్జీ తనే ముద్దాయి అయి కూర్చోవడం కంటే అది నయం. ఈలోగా ఆ ఫైలు మాత్రం దాచకండి.

ఇప్పుడు మీ బాబాయి మాట ఎక్కడ తగిలిందో మీకు అర్థమై ఉండాలి. తప్పు నాదేమో అని రాత్రంతా వెతుక్కుంటున్న మనిషితో "కర్మ" అంటే, అవును తప్పు మీదే, ఈ జన్మలో కాకపోతే పోయిన జన్మలో, అన్నట్టేగా. ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండడు, అది వేరే సంగతి.

కర్మ సిద్ధాంతాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. దేవుడి మీద ఈ ఫిర్యాదు చాలా పాతది, పెద్దవాళ్ళు దాన్ని దాచలేదు కూడా. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో 34వ సూత్రం దీనికోసమే ఉంది, సృష్టి చూస్తే దేవుడికి పక్షపాతం ఉన్నట్టుంది, దయ లేనట్టుంది అన్న ఆక్షేపణకి సమాధానంగా. దేవుడు జీవుల కర్మని బట్టి ఇస్తాడు తప్ప తన ఇష్టాన్ని బట్టి కాదు అని చెబుతూ శంకరాచార్యులు వాన సంగతి తెస్తారు, వాన అందరికీ ఒకటే, మొలిచేది విత్తనాన్ని బట్టి అని. మరి మొట్టమొదట కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలే లేదు అంటుంది తర్వాతి సూత్రం. తర్కంగా చూస్తే ఇది గట్టి జవాబే, దేవుణ్ణి నింద నుంచి తప్పిస్తుంది. కాకపోతే ఆ నింద తీసుకెళ్ళి ఎనిమిదేళ్ళ పిల్లవాడి మీద పెడుతుంది, నేను మింగలేనిది అక్కడ.

ఇంకొకటి చూడండి. 1948కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లల్ని దాదాపు ఎవరూ బతికించలేకపోయేవారు. ఆ ఏడాది అమెరికాలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమినోప్టెరిన్ అనే మందుతో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని చూపించాడు, నెలలపాటే, తర్వాత మళ్ళీ వచ్చేది. 1960ల నుంచి మందుల్ని కలిపి వాడటం నేర్చుకున్నారు, ఇవాళ బాగా వైద్యం దొరికే దేశాల్లో ఈ రకం ల్యుకేమియా వచ్చిన పిల్లల్లో 90 శాతం దాకా బతుకుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పిల్లల క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే డబ్బున్న దేశాల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా కావడం లేదు. 1940లో పుట్టిన పిల్లలందరి కర్మా చెడ్డదై, 1990లో పుట్టినవాళ్ళది ఒక్కసారిగా బాగుపడిందా? మంచి ఆసుపత్రికి దూరంగా పుట్టినవాళ్ళంతా పాపాత్ములా? అలా పుట్టడమూ కర్మే అంటారు వాదించేవాళ్ళు. అనొచ్చు, ఏం జరిగినా కర్మే అనొచ్చు, బతికినా కర్మే పోయినా కర్మే. ఏది జరిగినా సరిపోయే వివరణ, అన్ని కొలతలకీ సరిపోయే చొక్కా లాంటిది, వేసుకున్నవాడి గురించి ఏమీ చెప్పదు. తన బాధని తనే కర్మ అనుకుని ఓర్చుకునే మనిషికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను, ఎదుటివాళ్ళ బాధని కర్మ అనేవాళ్ళతోనే నా పేచీ.

అయినా ఎందుకంటారు అలా? 1966లో మెల్విన్ లెర్నర్, కరొలిన్ సిమన్స్ అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకమ్మాయి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ తగులుతున్నట్టు చూపించారు, నిజానికి నటనే, చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఆ బాధని ఆపే వీలున్నవాళ్ళు ఆమె మీద జాలిపడి ఆపారు. ఆపే వీలు లేక చూస్తూ కూర్చోవాల్సి వచ్చినవాళ్ళు కాసేపటికి ఆమెనే తక్కువగా అంచనా వేయడం మొదలెట్టారు. లోకం న్యాయంగానే నడుస్తోందని అనుకోకపోతే మనకి కాలు నిలవదు, అందుకని బాధపడేవాడిలోనే ఏదో లోటు చూస్తాం అన్నది లెర్నర్ వివరణ. మీ బాబాయిని చూడండి, ఆయనకీ మనవలుంటారు. ఏ కారణమూ లేకుండా ఒక పిల్లవాడు పోయాడంటే రేపు తన ఇంట్లోనూ జరగొచ్చని ఒప్పుకోవాలి. కర్మ అనేస్తే ఆ భయం తీరిపోతుంది, ఆయనకి. మీ చెల్లెలికి ఏం మిగిలిందో మీరు చూశారు.

చాలా పెద్ద మనుషులు కూడా ఇందులో కాలు వేశారు. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చి వేలమంది పోతే, అది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీజీ. అంటరానితనాన్ని అంతే గట్టిగా వ్యతిరేకించే టాగోర్ ఆ మాట తట్టుకోలేకపోయారు. ప్రకృతి విపత్తులకి కారణాలు ప్రకృతిలోనే ఉంటాయనీ, ఇలాంటి వాదన గాంధీ కన్నా ఆయన్ని వ్యతిరేకించేవాళ్ళకే బాగా పనికొస్తుందనీ రాశారు. నిజమే కదా, వాళ్ళూ ఇదే భూకంపాన్ని చూపించి మీ సంస్కరణల వల్లే వచ్చిందనొచ్చు. గాంధీ ఆ లేఖని తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకం తనదేనని జవాబిచ్చారు. మంచి ఉద్దేశంతో చెప్పినా శిక్ష అన్న మాట చచ్చిపోయినవాళ్ళ మీదే పడుతుంది, శిథిలాల కింద పోయినవాళ్ళలో పసిపిల్లలున్నారు, అంటరానితనం అనుభవించినవాళ్ళూ ఉన్నారు.

మిగతా జవాబులు మీరు చదివే ఉంటారు, క్లుప్తంగా చెప్పేస్తాను. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు అందులోంచి వచ్చింది అంటారు. హత్యలకీ యుద్ధాలకీ అది కొంతవరకు సరిపోతుంది, ఎముక మజ్జలో పొరపాటు ఎవరి స్వేచ్ఛ? కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయి, అది పరీక్ష అంటారు. బతికి బయటపడ్డవాళ్ళ విషయంలో కొన్నిసార్లు నిజమే, కానీ ఒకరిని రాటుదేల్చడానికి ఇంకొకరి బిడ్డని వాడుకునే మేష్టార్ని మనం బడిలో ఉంచుతామా? మన బుద్ధికి అందని ప్రణాళిక ఏదో ఉంది అంటారు. ఉండొచ్చు, కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. అందదని ఒప్పుకున్నాక మాత్రం ఆగిపోవాలి, అందదంటూనే "అందుకే జరిగింది" అని చెప్పకూడదు. చెడుని ఆపాలని ఉండీ ఆపలేకపోతే శక్తి లేనట్టు, ఆపగలిగీ ఆపకపోతే దయ లేనట్టు అని గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద వినిపించే ఇరకాటం రెండు వేల ఏళ్ళకి పైగా నడుస్తూనే ఉంది. నాస్తికులు దీన్ని చూపించి దేవుడు లేడని తేల్చేస్తారు, వాళ్ళ వాదనలో బలం ఉంది. నేను నమ్మేవాళ్ళలోనే ఉన్నాను, ఈ ప్రశ్నకి జవాబు దొరికి నమ్ముతున్నానని మాత్రం అనుకోకండి.

ప్రార్థన గురించి కూడా ఒక మాట, ఎందుకంటే తప్పులు వెతుక్కునే తల్లి "నేను ఇంకాస్త గట్టిగా ప్రార్థించి ఉంటే" అన్నచోట కూడా ఆగుతుంది. 2006లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, బైపాస్ ఆపరేషన్ అయిన 1,802 మంది మీద. కొందరి కోసం వేరే ఊళ్ళో భక్తులు పేరు పెట్టి ప్రార్థించారు, కొందరి కోసం చేయలేదు. ఫలితంలో తేడా కనపడలేదు. పైగా మీ కోసం ప్రార్థన జరుగుతోందని ముందే తెలిసినవాళ్ళకి ఇబ్బందులు కాస్త ఎక్కువే వచ్చాయి, 59 శాతం మందికి, చేస్తారో లేదో తెలియనివాళ్ళలో 52. నా కోసం ప్రార్థించాల్సినంత సీరియస్‌గా ఉందా అన్న టెన్షన్ వల్లనేమో అని పరిశోధకులే అనుకున్నారు. దీంతో దేవుడు లేడని తేలదు, ఉన్నాడనీ తేలదు. ప్రార్థన కొలత ప్రకారం మోతాదు వేసే మందు కాదని మాత్రం తేలుతుంది. మీ చెల్లెలి ప్రార్థనలో లోటేమీ లేదు.

ఇక మీ సంగతి. "తనకి మళ్ళీ నమ్మకం కలగాలంటే ఏం చెప్పాలి" అన్నారు. కొంచెం కఠినంగా అనిపించొచ్చు గానీ అంటాను: ఆ జవాబు కావలసింది మీకు. తను నమ్మకం వదిలేస్తే మీ నమ్మకం ఒంటరిదైపోతుంది, తను మళ్ళీ దణ్ణం పెట్టుకుంటే అంతా సర్దుకుందని మీకు ధైర్యం. తప్పేమీ లేదు, మీరూ మేనల్లుణ్ణి పోగొట్టుకున్నారు, మీ మనసూ నిలవడం లేదని మీరే రాశారు. అయితే మీ నమ్మకాన్ని నిలబెట్టే పని ఆవిడ నెత్తిన పెట్టకండి. తను ఇప్పట్లో నమ్మకపోవచ్చు, ఎప్పటికీ నమ్మకపోవచ్చు, అది నయం చేయాల్సిన జబ్బేమీ కాదు.

సి.ఎస్. లూయిస్ అనే ఇంగ్లీషు రచయిత ఉండేవాడు, క్రైస్తవ విశ్వాసాన్ని తర్కంతో సమర్థించడంలో పేరు మోసినవాడు. దేవుడుండగా బాధ ఎందుకుంది అన్నదాని మీద 1940లో ఒక పుస్తకమే రాశాడు, నీటైన వాదనలతో. ఇరవై ఏళ్ళకి, 1960లో, భార్య క్యాన్సర్‌తో పోయింది. అప్పుడు నోటుబుక్కుల్లో రాసుకున్నది 1961లో వేరే పేరుతో అచ్చయింది. అందులో ఆ నీటైన వాదనలు ఆయనకి అక్కరకి రాలేదు. మరీ అవసరమైనప్పుడు దేవుడి దగ్గరికి వెళ్తే ముఖం మీదే తలుపు వేసి లోపల గడియ పెట్టిన చప్పుడు వినిపించిందని రాసుకున్నాడు. చివరికి నమ్మకం వదల్లేదు ఆయన, కానీ కోపం, అనుమానం, దేవుడు క్రూరుడేమోనన్న భయం, ఏదీ దాచకుండా వాటన్నిటి గుండా నడిచాడు. తను రాసిన జవాబే తనకి పనికిరాని రోజు వచ్చిందంటే, ఆ జవాబు పట్టుకెళ్ళి మీ చెల్లెలికి ఇవ్వడంలో అర్థముందా?

నమ్మేవాళ్ళు దేవుణ్ణి నిలదీయకూడదు అన్నది మనం ఈమధ్య పెట్టుకున్న మర్యాదలా ఉంది. రామదాసు చెరసాలలో ఉండి "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా" అని రాముణ్ణే దులిపేశాడు, ఆ నగలు నేను చేయించినవి అని లెక్కలు చెప్పి మరీ. తర్వాత ఈ దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టానయ్యా అని సర్ది చెప్పుకున్నాడు, ఆ తిట్టునీ ఆ సర్దుబాటునీ జనం ఇన్ని వందల ఏళ్ళుగా కలిపే పాడుతున్నారు. పోతన గజేంద్రుడైతే మొసలి నోట్లో కాలుండగా "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు, ఆ అనుమానం వచ్చినందుకు భక్తుడు కాకుండా పోలేదు. మీకు మనసు నిలవకపోతే అలాగే కూర్చోండి, కోపం వస్తే కోపంగానే మాట్లాడండి, మానేయాలనిపిస్తే కొన్నాళ్ళు మానేయండి. కాకపోతే గజేంద్రుడి పద్యం తీసుకెళ్ళి చెల్లెలికి వినిపించొద్దు. ఆ కథలో చివరికి దేవుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు, తన కథలో ఎవరూ రాలేదు, ఆ తేడా మీరు దాచినా తను గుర్తుపడుతుంది.

బైబిల్లో యోబు కథ ఉంది, పిల్లలూ ఆస్తీ ఆరోగ్యమూ ఒక్కసారే పోయిన మనిషి. ముగ్గురు స్నేహితులు చూడటానికొచ్చి ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ అతని పక్కన నేల మీద కూర్చుంటారు, ఒక్కరూ నోరు విప్పరు. తర్వాత విప్పుతారు, అక్కడ మొదలవుతుంది గొడవ, నువ్వేదో పాపం చేసే ఉంటావు, ఒప్పుకో అని. చివర్లో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీదో తెలుసా? దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కన్నా, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. యోబుకి ఎందుకు అన్నదానికి జవాబు మాత్రం ఆ పుస్తకం చివరిదాకా రాదు, నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది.

తనేమో సూటిగా అడిగింది, మీరు నోరు విప్పలేకపోయారు. మళ్ళీ అడిగితే, లేదా మీరే ఎత్తుకుని, ఇలా అనొచ్చు: "వాడేం పాపం చేయలేదమ్మా. నువ్వూ ఏం చేయలేదు. ఎందుకు జరిగిందో నాకు తెలియదు, తెలుసన్నవాళ్ళ మాట నేను నమ్మను. నాకూ దేవుడి మీద కోపంగానే ఉంది." చివరి వాక్యం నిజమైతేనే అనండి. ఇంతకుమించి వేదాంతం అక్కర్లేదు. పిల్లవాడి పేరు పలకండి, "వాడు" "బాబు" అని దాటేయకుండా. పేరెత్తితే ఏడుస్తుందని అందరూ మానేస్తారు, ఏడవనివ్వండి, ఎవరూ ఎత్తకపోతే వాడు లేనట్టే అయిపోతుంది. పుట్టినరోజు తారీఖు మీ ఫోన్‌లో పెట్టుకుని ఆ రోజు ఫోన్ చేయండి. బాబాయి ఈసారి వచ్చి కర్మ అనబోతే తను లేచి వెళ్ళాల్సిన పని లేకుండా మీరే అడ్డం పడండి, "బాబాయ్, ఆ మాట వద్దు, మీరు రావడమే మాకు చాలు" అంటే ఆయనకీ గౌరవం తగ్గదు. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, తర్వాత మీరు సర్ది చెప్పుకోవచ్చు.

ఏడు నెలలు బిడ్డ విషయంలో ఏ మూలకీ రావు, తను ఇంకా తేరుకోలేదని ఎవరైనా గొణిగితే పట్టించుకోవద్దు. అలాగని అన్నిటినీ దుఃఖమేలే అని వదిలేయొద్దు. నెలలు గడిచినా తీవ్రత తగ్గకుండా రోజువారీ బతుకునే ఆపేసే దుఃఖాన్ని వైద్యులు ఇప్పుడు ప్రత్యేకంగా గుర్తించి చికిత్స చేస్తున్నారు, అమెరికన్ సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో అది 2022లో చేరింది. తిండి బొత్తిగా మానేయడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా "వాడి దగ్గరికి వెళ్ళిపోతాను" లాంటి మాట. ఆ మాట వింటే అందరూ అంటారులే అనుకోకండి, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, భయపడొద్దు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని మీరే రాశారు గనక, ఆ మాట రాకపోయినా ఒకసారి చూపించమనే అంటాను.

ఇంకొకటి. ఇంత పెద్ద ఉత్తరంలో మీ బావగారి గురించి ఒక్క ముక్క లేదు. ఆయనకీ కొడుకు పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "ఆమెని జాగ్రత్తగా చూసుకో" అని చెప్పి వెళ్ళి ఉంటారు, ఆయన కూడా ఆ పని చేస్తూ ఆఫీసుకి వెళ్ళొస్తూ ఉండి ఉంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయన్నీ రమ్మనండి, ఆయన కాగితంలో ఆయన ప్రశ్నలు ఉంటాయి. ఈ వారంలోనే ఫోన్ చేయండి, చెల్లెలు ఎలా ఉంది అని కాకుండా, మీరెలా ఉన్నారు బావా అని అడగడానికి.